మచ్చు ఉన్న ఇంట్లో చిన్న కత్తి

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే పెనుకొండ కొండెక్కడం వాడికి ఇష్టం. మొన్న మా ఊరు సోమందేపల్లికి వచ్చినప్పుడు ఫోను నా చేతికిచ్చి, "మామా, వీట్లో ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ముప్ఫై కత్తుల దాకా వరసగా ఉన్నాయి. నల్ల పూత పూసినవి, వీపున రంపపు పళ్ళున్నవి, పిడి అడుగున దిక్సూచి బిగించినవి. వాడు మనసు పడిన కత్తి మందం 6 మిల్లీమీటర్లు. నేను అప్పుడే మల్బరీ తోటలో నుంచి వచ్చి కూర్చున్నాను. నడుముకున్న కత్తి తీసి వాడి చేతిలో పెట్టాను. ఏళ్ళ తరబడి సానపట్టి అరిగిపోయిన కత్తి, వెన్ను దగ్గర 2 మిల్లీమీటర్లు కూడా లేదు. "ఇది వంగిపోదా మామా?" అన్నాడు.

వంగదు. కానీ ఎందుకు వంగదో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఉక్కు గురించి చెప్పాలంటే కొలిమి దాకా పోవాలి. మందం గురించి చెప్పాలంటే ముందు పని గురించి చెప్పాలి. ఆ పొద్దు వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ కుదురుగా రాస్తున్నాను.

మా వైపు కత్తి అంటే ఒక్కటి కాదు. కొమ్మలు నరకడానికి, టెంకాయ కొట్టడానికి మచ్చు. గడ్డికీ పైరు కోతకూ కొడవలి. జీవాలకు రెమ్మలు, తుమ్మకాయలు దించడానికి గడ కొనకు కట్టిన దోటి. మడిచి జేబులో వేసుకునేది చాకు. మాంసం అంగట్లో చూరి. వీటన్నిటి మధ్య, మడత లేకుండా, తోక పిడిలోకి దిగి కదలకుండా నిలిచే జానెడు కత్తి ఒకటుంది. దానికంటూ పేరు కూడా లేదు, చిన్న కత్తి అంటాం. మడత చాకు ఉండగా ఇదెందుకంటే, మా ఎర్రమట్టి చాకు కీలులో చేరితే నాలుగు రోజులకే అది బిగుసుకుపోతుంది. కీలు వదులైతే వేళ్ళ మీదికి మూసుకుంటుంది. చిన్న కత్తిలో కదిలే భాగమే లేదు. కడిగి తుడిస్తే చాలు.

ఏ కత్తి కొనాలి అన్నదాని కంటే ముందు, ఇంట్లో ఇప్పటికే ఏమేం ఉన్నాయి అన్నది అడగాలి. నా అభిప్రాయంలో మొత్తం చర్చ ఇక్కడే తేలిపోతుంది. బయటి దేశాల పుస్తకాలు, వీడియోలు చాలావరకు ఒకే కత్తితో అడవిలో బతకాల్సిన మనిషిని ఊహించుకుని సలహా ఇస్తాయి. 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో రాంబో చేతిలోని కత్తి ఆ ఊహకు రూపం. జిమ్మీ లైల్ అనే కత్తుల కమ్మరి చేసింది. పెద్ద బ్లేడు, వీపున రంపం, లోపల అగ్గిపుల్లలు దాచుకోవడానికి బోలు పిడి. ఆ తర్వాత లోకమంతా దాని నకళ్ళు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. చౌక నకళ్ళలో బోలు పిడికి బ్లేడు అతికించే చోటే బలహీనం. తోక లోపలికి దిగదు కాబట్టి గట్టిగా ఒక మెలి తిప్పితే అక్కడే ఊడుతుంది. వీపున ఉన్న పళ్ళు కట్టెను కోయవు, గీరుతాయి. పైగా చెక్కేటప్పుడు బొటనవేలు ఆనించాల్సిన చోటు ఆ వీపే.

దానికి దాదాపు వందేళ్ళ ముందే, 1884లో, అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే ఆయన ‘నెస్‌మక్’ అన్న కలం పేరుతో ‘వుడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం రాశాడు. అడవుల్లో తిరగడానికి ఆయన వెంట తీసుకుపోయినవి మూడు: చిన్న గొడ్డలి, మడత చాకు, పల్చటి చిన్న కత్తి. నరికే పని గొడ్డలి చూసుకుంటుంది కాబట్టి కత్తి పల్చగా ఉండొచ్చు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి గొర్రెల కాపరే గుర్తొచ్చాడు. భుజాన దోటి, సంచిలో మచ్చు, నడుముకు చిన్న కత్తి. ఆయన ఏ పుస్తకమూ చూడకుండా అదే ఏర్పాటుకు వచ్చాడు. మనకు మచ్చు ఉంది. మచ్చు చేసే పనిని చిన్న కత్తి నెత్తిన పెట్టడం ఎందుకు? కత్తిని కట్టె మీద నిలబెట్టి, వీపు మీద ఇంకో కట్టెతో బాది చీల్చడం కోసమే ఆ 5, 6 మిల్లీమీటర్ల మందాలు పుట్టాయి. సర్కారు తుమ్మ మొద్దును అట్లా చీల్చాలని ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడూ అనుకోడు.

మరి చిన్న కత్తితో మేం చేసే పనులేమిటి? డ్రిప్పు పైపును అడ్డంగా తిన్నగా కోయాలి, వంకర కోస్తే జాయింటు దగ్గర కారుతుంది. ఎరువు మూటల కుట్లు విప్పాలి, పురికొస తెంచాలి. వేప పుల్ల విరిచి కొన చెక్కాలి. చెరకు గడ చెక్కాలి. నాగజెముడు పండు ముళ్ళు తీసి ఒలవాలి. కంచె తీగలో చిక్కుకున్న మేకపిల్ల మెడ తాడు కోయాలి. గొర్రె గిట్టల్లో పెరిగిన చివర్లు తీయాలి. కొండ మీద కూర్చుని ఉల్లిగడ్డ, దోసకాయ కోసుకుని సద్ది తినాలి. వీటిలో ఒక్కదానికీ బలం అక్కర్లేదు. అన్నిటికీ పదును కావాలి, చేతికి అదుపు కావాలి.

ఇంకొక పని విడిగా చెప్పాలి, ఎందుకంటే పల్చటి కత్తి విలువ నాకు నేర్పింది అదే. హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పుడు చాలామంది పసిపురుగులను సాకి ఇచ్చే చాకీ కేంద్రాల నుంచి కొంత పెరిగిన పురుగులనే తెచ్చుకుంటున్నారు గానీ, మా చిన్నప్పుడు గుడ్డు పగిలిన రోజు నుంచీ ఇంట్లోనే సాకేవాళ్ళం. రెండో జ్వరం, అంటే రెండోసారి పొర విడవడం, దాటేదాకా పురుగుకు ఆకు సన్నగా తరిగి వేయాలి. మొద్దు కత్తితో తరిగితే ఆకు అంచు నలుగుతుంది. నలిగిన అంచు తొందరగా వాడుతుంది, వాడిన ఆకును పసిపురుగు ముట్టదు. మా అమ్మ తరిగిన ఆకు సాయంత్రం దాకా పచ్చగా ఉండేది. నేను తరిగింది మధ్యాహ్నానికే మెత్తబడేది. కత్తి ఒక్కటే, చేతులు వేరు అనుకునేవాణ్ణి. కాదు, ఆమె తరగబోయే ముందు ప్రతిసారీ కత్తిని బండ మీద నాలుగు సార్లు లాగేది.

ఇప్పుడు మందం సంగతి. ఒక బద్ద మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల కత్తికీ 3 మిల్లీమీటర్ల కత్తికీ చేతిలో అంత తేడా. 2 నుంచి 3 మధ్య ఎక్కడున్నా, ఉక్కుకు సరైన పదును పట్టించి ఉంటే, కోతపనిలో వంగే ప్రశ్నే లేదు. దాన్ని గునపంలాగా సందులో పెట్టి మెలిపెడితే తప్ప. ఇక 6 మిల్లీమీటర్ల కత్తి వాదర ఎంత నూరినా, వాదర వెనకాలే మేకులాగా లావెక్కుతుంది. దాంతో పచ్చి మామిడికాయ కోస్తే కాయ తెగదు, పగులుతుంది. కత్తి పదునుగా ఉందా అని అందరూ చూస్తారు. వాదరకు ఒక్క మిల్లీమీటరు పైన ఎంత మందముందో చూసేవాళ్ళు తక్కువ. అక్కడ అర మిల్లీమీటరు దాటకుండా ఉంటే ఆ కత్తి మొద్దుబారినప్పుడు కూడా ఎంతో కొంత కోస్తుంది.

వాదర ఆకారం మీద వాదాలు చాలా ఉన్నాయి. నాకు తెలిసినంతలో నాలుగు రకాలు. వెన్ను నుంచి వాదర దాకా సాపుగా దిగేది ఒకటి, కూరగాయకూ ఆకుకూ అదే మేలు. బ్లేడు సగం దాకా సమంగా వచ్చి, అక్కడి నుంచి రెండు వైపులా ఒకే వాలుగా దిగేది రెండోది. స్వీడన్, ఫిన్‌లాండ్ దేశాల కత్తులు ఇట్లా ఉంటాయి. కట్టె చెక్కడానికి ఇది గొప్పగా నిలుస్తుంది. పైగా ఆ వాలు మొత్తాన్ని రాయి మీద పరిచి పెట్టి నూరితే కోణం దానంతటదే కుదురుతుంది, కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైనది లేదు. మూడోది లోపలికి గుల్లగా దిగేది, మంగలి కత్తిలాగా. సన్నగా కోస్తుంది, కట్టె మీద పెట్టకూడదు. నాలుగోది మన మచ్చు వాదర, కొద్దిగా ఉబ్బుగా ఉండేది. దెబ్బకు ఆగుతుంది. చిన్న కత్తికి నేను మొదటి రెండింటిలో ఏదైనా సరే అంటాను. కొండలు తిరిగేవాడికి రెండోది, తోటపని చేసేవాడికి మొదటిది.

పొడవు గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కెనడాలో అడవి విద్యలు నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ అరచేతి వెడల్పును కొలతగా చెప్పేవాడు. మనవాళ్ళ బెత్తెడు కూడా దాదాపు అదే, నాలుగు వేళ్ళ వెడల్పు. అక్కడి నుంచి 10, 11 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. అంతకు మించితే మొన మీద అదుపు పోతుంది. మొన వెన్నుతో సమంగా గానీ కొంచెం కిందికి గానీ ఉండాలి. పైకి లేచిన మొన మాంసం ఒలిచేవాళ్ళకు పనికొస్తుంది, పైపుకు బెజ్జం పెట్టేవాడికి కాదు. రెండు వైపులా వాదర ఉన్నది అస్సలు వద్దు. అది బాకు, పనిముట్టు కాదు. చట్టం కూడా దాన్ని అట్లాగే చూస్తుంది.

ఉక్కు దగ్గరికి వచ్చేసరికి తెలుగువాళ్ళం కాస్త ఆగి మాట్లాడాలి. లోకం ‘వూట్జ్’ అని పిలిచిన మూస ఉక్కుకు ఆ పేరు తెలుగు, కన్నడాల్లో ఉన్న ‘ఉక్కు’ మాట నుంచే వచ్చిందని పండితులు ఎక్కువమంది ఒప్పుకున్నారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు తయారీని 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ చూసి రాశాడు. మైకేల్ ఫారడే కరెంటు మీద పేరు తెచ్చుకోక ముందు, 1819 ప్రాంతంలో, ఈ ఉక్కు ముక్కల మీదే ప్రయోగాలు చేశాడు. మా ప్రాంతానికి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 1800లో మైసూరు రాజ్యంలో తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, మధుగిరి వైపు వానలకు వంకల్లో కొట్టుకొచ్చే నల్ల ఇసుక నుంచి ఇనుము తీసేవాళ్ళ గురించీ ఉక్కు చేసేవాళ్ళ గురించీ రాశాడు. మధుగిరి హిందూపురానికి పొరుగే. వానాకాలం అయిపోయాక ఇక్కడి వంకల్లో కూడా నల్ల చారలు కనిపిస్తాయి. అయస్కాంతం పెడితే అంటుకుంటాయి.

ఆ గర్వం మంచిదే గానీ దాంతో అమ్మేవాళ్ళ చేతిలో మోసపోకూడదు. ఇప్పుడు ‘డమాస్కస్’ అని అలల గీతలతో అమ్మే కత్తులు ఆ పాత ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు రేకులను అతికించి, మడతలు వేసి, ఆమ్లంలో ముంచితే వచ్చిన గీతలవి. మంచి పనివాడు చేస్తే మంచి కత్తే అవుతుంది. గీతలు మాత్రం దేనికీ రుజువు కాదు. పాత ఉక్కులో కర్బనం 1 నుంచి 2 శాతం దాకా ఉండేది, ఆ నీటి గీతలు మూసలో నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపలి నుంచి పుట్టేవి.

కర్బనం లెక్క ఒక్కటి గుర్తుంటే సగం సంగతి తెలిసినట్టే. ఇంటి కడ్డీలలోని మెత్తటి ఇనుములో 0.2 శాతం ఉంటుంది, ఎంత కాల్చి ముంచినా వాదరకు సరిపడేంత గట్టిపడదు. లారీ కమాను పట్టాలో 0.5, 0.6 శాతం. పాత ఆకురాయిలో 1 శాతానికి పైన. మా వైపు కమ్మరులు ఎక్కువగా వాడేది కమాను పట్టానే. దెబ్బకు తట్టుకునే ఉక్కు, మచ్చుకు దానికి మించింది లేదు. చిన్న కత్తికి కూడా బాగుంటుంది, కానీ పట్టా మందం 8, 10 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని సాగదీసి 2.5 దాకా తేవడం ఓపికతో కూడిన పని. తొందరలో ఉన్న కమ్మరి 5 దగ్గర ఆపేసి వాదర మాత్రం రాపిడి యంత్రం మీద దింపి ఇచ్చేస్తాడు. కత్తి చేయించుకునేవాడు ముందే మందం చెప్పాలి, కూలి అందుకు తగ్గట్టు ఇవ్వాలి. సమ్మెట దెబ్బలకు లెక్క కట్టకుండా పల్చటి కత్తి అడగడం న్యాయం కాదు.

తెచ్చిన ముక్క ఏమిటో తెలియనప్పుడు రాపిడి రాయికి ఆనించి నిప్పురవ్వలు చూడాలి. మెత్తటి ఇనుమైతే రవ్వలు పొడుగ్గా గీతల్లాగా పోతాయి. కర్బనం ఎక్కువైతే రవ్వ కొన దగ్గర చిట్లి కాకరపువ్వొత్తిలాగా కొమ్మలు వేస్తుంది.

అసలు కత్తి పుట్టేది కొలిమిలో కాదు, కొలిమి నుంచి తీసి ముంచే ఆ రెండు మూడు క్షణాల్లో. ఉక్కును చెర్రీపండు ఎరుపు అనే రంగు దాకా కాల్చాలి. మా ఊరివాళ్ళకు చెర్రీ తెలియదు, దానిమ్మ గింజ ఎరుపు అంటే తెలుస్తుంది. నీడలో చూడాలి, ఎండలో ఆ రంగు మోసం చేస్తుంది. అయస్కాంతం ఉంటే ఇంకా మంచిది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ పైన ఇంకొంచెం కాల్చి ముంచాలి. నీళ్ళలో ముంచితే పల్చటి బ్లేడు పగులు పట్టొచ్చు, వంకర పోవచ్చు. వేడి చేసిన నూనె నయం. ముంచి తీసిన కత్తి గాజులాగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. అందుకే మళ్ళీ సన్న సెగ మీద వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గించాలి. రుద్ది తెల్లగా చేసిన బ్లేడు మీద రంగులు నడుస్తాయి: ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ రంగు, ఊదా, చివరకు నీలం. 220, 230 డిగ్రీల దగ్గర వచ్చే ఎండుగడ్డి రంగు వాదరకు సరైనది. 300 దగ్గర వచ్చే నీలం వెన్నుకు మంచిది, వాదరకు మెత్తన. తెలిసిన కమ్మరి వాదర మటుకు ముంచి, వెన్నులో మిగిలిన వేడి వాదర వైపు పాకేటప్పుడు రంగు చూసి మళ్ళీ ముంచి ఆపేస్తాడు. చూడముచ్చటైన పని. ఒక్క కాకలో గట్టి వాదర, మెత్తటి వెన్ను రెండూ వస్తాయి.

కంపెనీ కత్తుల మీద రాక్‌వెల్ అంకె వేస్తారు. 56 నుంచి 60 మధ్య ఉంటే మన పనికి చాలు. కమ్మరి కత్తికి అంకె ఉండదు, ఆకురాయి ఉంటుంది. కొత్త ఆకురాయి వాదర మీద సులువుగా కొరికితే కత్తి మెత్తన. గాజు మీద జారినట్టు జారిపోతే పెళుసు. కష్టంగా కొరకాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. వాదరను సన్నటి ఇత్తడి కడ్డీ మీద కొద్దిగా ఒత్తి లాగి చూడాలి. ఒంగి మళ్ళీ వెనక్కి వస్తే మంచి కత్తి, ఒంగినది అట్లాగే ఉంటే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు.

తుప్పు పట్టని స్టీలా, కర్బనం ఉక్కా అన్న తగవు సముద్రం పక్కనుండేవాళ్ళకు పెద్దది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. మా గాలికి తుప్పు భయం తక్కువ, చెమట భయమే ఎక్కువ. కర్బనం ఉక్కుకు పదును తొందరగా వస్తుంది, మామూలు రాయి మీదే వస్తుంది. కానీ చింతపండు, నిమ్మకాయ, పచ్చిమామిడి తగిలితే నల్లబడుతుంది. హిందూపురం చింతపండు అంగళ్ళలో కత్తులు చూడండి, అన్నీ నల్లగానే ఉంటాయి. ఆ నలుపు తుప్పు కాదు. ఎర్రగా లేచేది తినేస్తుంది, నల్లగా అంటుకున్నది కాపాడుతుంది. కొత్త కత్తికి నేను పనిగట్టుకుని చింతపండు గుజ్జు పూసి గంటసేపు ఉంచి కడిగి, ఆముదం రాస్తాను. చెనక్కాయ నూనె మాత్రం పనికిరాదు, కొన్నాళ్ళకు జిగురు పట్టి వాసన వేస్తుంది. కత్తిని రోజూ తుడవలేనివాళ్ళు, ఎక్కువగా పండ్లూ కూరలూ కోసేవాళ్ళు స్టెయిన్‌లెస్ తీసుకుంటే తప్పేమీ లేదు.

కొనదలచుకున్నవాళ్ళకు ఒక పేరు చెప్పమంటే స్వీడన్‌లోని మోరా ఊరి కత్తులు చెబుతాను. అక్కడ 1891 నుంచి చేస్తున్నారు. ‘కంపానియన్’ అనే మామూలు రకం బ్లేడు 10 సెంటీమీటర్లకు కాస్త పైన, మందం 2.5 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర. చూపుకు ఏమీ ఉండదు. తోక పిడి చివరి దాకా పోదు, అయినా చెక్కుడు పనికి విరగదు. ఇంకా తక్కువలో కావాలంటే వంటింటి సామాన్ల అంగట్లో దొరికే విక్టోరినాక్స్ కూరగాయల కత్తి, 8 నుంచి 10 సెంటీమీటర్లది, ఒర కుట్టించుకుని నడుముకు పెట్టుకుంటే కొండకు సరిపోతుంది. నేనొకసారి ఒక ఆన్‌లైన్ అంగట్లో పేరు తెలియని కంపెనీ కత్తి తెప్పించాను. రెండో నెలలో పిడి అతుకు విడిపోయింది. లోపల చూస్తే తోక రెండంగుళాలు కూడా లేదు, మిగతాదంతా జిగురు. అప్పటి నుంచి పిడికి మేకులు కనిపించని కత్తిని కొనేముందు తోక ఎంత ఉందో అడుగుతున్నాను.

పిడి సంగతి చాలామంది చివర ఆలోచిస్తారు. చెయ్యి మాత్రం దాన్నే పట్టుకునుంటుంది. గుండ్రటి పిడి కొడవలికి సరే. చిన్న కత్తికి కోడిగుడ్డు అడ్డకోతలాగా ఉండాలి, అప్పుడే చీకట్లో కూడా వాదర ఎటుందో చేతికి తెలుస్తుంది. మన కమ్మరి పద్ధతిలో తోకను ఎర్రగా కాల్చి కట్టెలోకి దించి, ముందర పొన్ను బిగిస్తారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కానీ మా ఎండలకు కట్టె కుంచించుకుపోయి మే నెలలో పిడి ఊగుతుంది. నీళ్ళలో నానబెడితే ఉబ్బి బిగుసుకుంటుంది, లోపల తోక తుప్పు పడుతుంది. వచ్చే ఎండాకాలానికి మళ్ళీ అదే కథ. తోకను పిడి అంత పొడవూ ఉంచి, రెండు వైపులా చెక్కలు వేసి, రాగి మేకులు మూడు కొట్టించడం మేలు. తుమ్మ చేవ బాగుంటుంది, బాగా ఆరినదైతే.

ఒర లేని కత్తి సగం కత్తే. తోలు ఒర కుట్టించేటప్పుడు వాదర ఆనే వైపు లోపల ఇంకో తోలు పట్టీ పెట్టి కుట్టమనాలి, లేకపోతే కుట్లు తెగి వాదర తొడ మీదికి వస్తుంది. మన దక్షిణాదిలో తరతరాలుగా తంగేడు చెక్కతో తోలు పదును చేశారు. ఆ చెక్కతో పదును చేసిన తోలు కత్తికి మంచిది. రసాయనాలతో చేసిన తోలులో కర్బనం ఉక్కును రోజుల తరబడి ఉంచితే మచ్చలు పడతాయి. తోటలో మిగిలిన పీవీసీ పైపు ముక్కతో కూడా ఒర చేయొచ్చు. పొయ్యికి దూరంగా పట్టి మెత్తబడేదాకా వేడి చేసి, రెండు పలకల మధ్య నొక్కి, కత్తి వెన్నుకు తగ్గట్టు ఒత్తాలి. మాడనివ్వకూడదు, ఆ పొగ విషం. అడుగున నీళ్ళు పోవడానికి బెజ్జం ఉంచాలి. ఎట్లాంటి ఒరైనా తలకిందులు చేసి దులిపినప్పుడు కత్తి జారకూడదు. ఇంకొక మాట: బండి నడిపేటప్పుడు కత్తిని నడుము ముందర పెట్టుకోవద్దు. పడితే కడుపు కిందే ఉంటుంది. సంచిలో వేసుకోండి.

సానపట్టడానికి ఇనుప సామాన్ల అంగట్లో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయి చాలు. ఒక ముఖం గరుకు, ఒకటి నునుపు. నీళ్ళు చల్లి, ఒక్కో వైపు 20 డిగ్రీలు మించకుండా వాల్చి, అవతలి వైపు సన్నటి నూగు చేతికి తగిలేదాకా లాగాలి. తర్వాత రెండో వైపు. చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే ఆ నూగు పోతుంది. కొండ మీద రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని అంచు ఉంటుంది, అది పనిచేస్తుంది. చక్రం తిప్పుతూ వీధుల్లో వచ్చే సానవాళ్ళకు మచ్చు ఇవ్వొచ్చు. పల్చటి కత్తి ఇస్తే దగ్గర నిలబడి చూడాలి. పొడి రాయి మీద ఒక్క క్షణం ఎక్కువ పెడితే వాదర నీలం తిరుగుతుంది, కమ్మరి పట్టించిన పదును అక్కడితో పోతుంది. పైన చెప్పిన రంగులే మళ్ళీ, ఈసారి అక్కర్లేని చోట.

వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మొద్దుబారిన చోట తెల్లగా మెరుస్తుంది. పదునుగా ఉన్న చోట ఏమీ కనబడదు.

సీమవాడి చేతిలో కత్తి అంటే సినిమాలు వేరే అర్థం చెప్పాయి. మా పిల్లలు బయటి ఊళ్ళలో ఆ మాట పడుతూనే ఉన్నారు, అది నన్ను బాధిస్తుంది. కాబట్టి చట్టం ఏమంటుందో తెలిసి ఉండటం మాకు మరీ అవసరం. 1959 ఆయుధాల చట్టం, ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే చేసిన వస్తువులను ఆయుధం అన్న నిర్వచనం నుంచి తప్పించింది. దాని కింద వచ్చిన నియమాల పట్టికలో ఖడ్గాలు, బాకులు, ఈటెలతో పాటు, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు చేరాయి. అక్కడ కూడా ఇల్లు, సేద్యం, పరిశ్రమ కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది. మనం చెప్పుకుంటున్న కత్తి 4 అంగుళాలది. అయినా ప్రభుత్వం ఏదైనా ప్రాంతానికి ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే ఆ నిబంధన వేరు. అభయారణ్యాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అందులో ఆయుధం అన్న మాటలో కత్తి కూడా ఉంది, రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి పోకూడదు. నల్లమలకు, శేషాచలానికి పోయేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. విమానంలో చేతి సంచిలో వద్దు, తాళం వేసి కౌంటరులో అప్పగించే పెట్టెలో పెట్టాలి. సంత, జాతర, ఎన్నికల సభ, ఆఫీసు, వీటికి పోయేటప్పుడు కత్తి ఇంట్లో ఉండాలి. దానికి చట్టం కూడా అక్కర్లేదు, మర్యాద చాలు.

పాము సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే కత్తి ఎందుకు పెట్టుకున్నావంటే ఇప్పటికీ కొందరు పాము కరిస్తే గాటు పెట్టడానికి అంటారు. గాటు పెట్టడం వల్ల విషం బయటికి రాదు. రక్తం పోతుంది, నరం తెగొచ్చు, పుండు చీము పడుతుంది. కరిచిన కాలిని కదలకుండా ఉంచి, విషానికి మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవడమే చేయాల్సింది. కత్తి ఒరలోనే ఉండాలి.

ఆ సాయంత్రం మేనల్లుణ్ణి కొలిమి దగ్గరికి తీసుకుపోయాను. కమ్మరి బొగ్గు ముక్కతో బండ మీద గీయమన్నాడు. వాడు ముందు ఫోనులోని కత్తిని గీశాడు. ఆయన ఏమీ అనలేదు, వాడి కుడి అరచెయ్యి తీసుకుని ఆ గీత మీద పెట్టాడు. బ్లేడు వేళ్ళకు రెండింతలుంది. వాడే తుడిచేసి మళ్ళీ గీశాడు. బెత్తెడు మీద రెండు వేళ్ళు బ్లేడు, 2.5 మిల్లీమీటర్ల వెన్ను, మొన కొంచెం కిందికి, తోక పిడి చివరి దాకా. "పట్టా ముక్క నా దగ్గరుంది నాయనా, సాగదీయడానికి రెండు రోజులు పడుతుంది. కట్టె మాత్రం మీ మామ తోటలోది తెచ్చుకో, మూడేళ్ళు ఆరిన చేవ ఉందంట కదా," అన్నాడు. అది నిజమే. పశువుల కొట్టం అటక మీద, మా నాయన కొట్టి పెట్టిన తుమ్మ మొద్దు ఇంకా ఉంది.